కడుపుతో ఉండగా గుమ్మం ఎత్తవచ్చా?

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద పోరంకి, పెనమలూరు దాటి కంకిపాడు వైపు వెళ్తుంటే ఒకప్పటి వరిచేలల్లో ఇప్పుడు ఇళ్ల స్థలాలు. మట్టి తోలి మెరక చేసిన స్థలాల మధ్య అక్కడక్కడ సున్నంతో గీసి వదిలేసిన పునాది గీతలు, ఊచలు తుప్పు పట్టి ఆగిపోయిన పిల్లర్లు కనిపిస్తాయి. ఆగిన ప్రతి ఇల్లూ డబ్బు చాలక ఆగింది కాదు. కోడలు నెల తప్పిందని ఆగినవీ ఉంటాయి.

ఆ ఇంట్లో మాటలు ఎలా ఉంటాయో ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఐదు సెంట్ల స్థలం కొన్నారు. ప్లాను పాసైంది, బ్యాంకు రుణం మంజూరైంది, మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చారు. ఇంతలో శుభవార్త. స్వీట్లు పంచిన సాయంత్రమే తల్లి కొడుకును పక్కకు పిలుస్తుంది. "కడుపుతో ఉన్న పిల్లను ఇంట్లో పెట్టుకుని గునపం దింపుతావట్రా నాన్నా? పురుడొచ్చాక చూసుకుందాం." "బ్యాంకు వాళ్లు ఆగరు కదమ్మా" అంటాడు కొడుకు. మేనమామ తనకు తెలిసిన సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తాడు. మొదటి నెలల్లో అయితే ఫర్వాలేదంటారాయన. వియ్యాలవారి సిద్ధాంతిగారు అసలు కూడదంటారు. కడుపు పండక ముందే కొబ్బరికాయ కొట్టి ఉంటే దోషం లేదని పక్కింటి పిన్నిగారు గుర్తుచేస్తుంది. కోడలు ఇవన్నీ వింటూ సోఫాలో ఓ పక్కన కూర్చుని ఉంటుంది. ఆ కడుపు ఆమెది, ఆ ఇంటి వాయిదాల్లో సగం ఆమె జీతంలోంచే పోతుంది. ఆమెను మాత్రం ఎవరూ అడగరు.

ఇది చాదస్తమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ తల్లి కళ్లలో కనిపించేది చాదస్తం కాదు, భయం. పుట్టబోయే బిడ్డకు ఏమైనా అయితే ఆ ఇంటి గోడలు చూసినప్పుడల్లా ఏమనుకుంటాం అన్న భయం. ఆ భయానికి జవాబు చెప్పకుండా పంచాంగాన్ని తిట్టి లాభం లేదు. అందుకే ముందు ఆ నిషేధం ఎక్కడిదో, ఎవరికోసం పుట్టిందో చూడాలి.

పదిహేడో శతాబ్దంలో కమలాకర భట్టు కూర్చిన నిర్ణయసింధువులోనూ, పద్దెనిమిదో శతాబ్దంలో కాశీనాథోపాధ్యాయుడు రాసిన ధర్మసింధువులోనూ గర్భిణీపతి ధర్మాలని ఒక ప్రస్తావన ఉంది. పంచాంగం చెప్పేవారు ఇవాళ్టికీ చూసే గ్రంథాలివి. భార్య గర్భవతిగా ఉండగా భర్త చేయకూడని పనులు అక్కడ చెబుతారు. క్షౌరం చేయించుకోరాదు. ఓడ ఎక్కరాదు. దూరదేశాలు పోరాదు. శవాన్ని మోయరాదు. ఇల్లు కట్టడం మొదలుపెట్టరాదు.

ఈ వరసను నిదానంగా చదివితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఓడ ఎక్కినవాడు ఎప్పుడొస్తాడో తెలియని రోజులవి. శ్మశానం నుంచి అంటురోగం ఇంటికి వచ్చే రోజులు. ఇల్లు కట్టడమంటే అడవి నుంచి కలప తెచ్చుకోవాలి, రాయి మోయించాలి, కూలీల వెంట నెలల తరబడి తిరగాలి. క్షౌరం ఒక్కటి పక్కన పెడితే, తక్కినవన్నీ మగవాణ్ణి ఇంటికి దూరం చేసేవో, అతని ప్రాణానికి చేటు తెచ్చేవో. ఇదే కారణమని ఒట్టు వేసి చెప్పలేం. కానీ నియమం ఎవరి మీద పెట్టారన్నది మాత్రం స్పష్టం. భర్త మీద పెట్టారు. ఆమె దగ్గరే ఉండు, అన్నట్టుగా ఉంది ఆ వరస మొత్తం.

ఇవాళ ఆ నియమం ఎవరి మీదికి వచ్చి పడిందో చూడండి. భర్త క్షౌరం మానడు. ఆఫీసు పంపితే ఏడో నెలలోనైనా విమానం ఎక్కుతాడు. స్నేహితుడి తండ్రి పోతే పాడె పడతాడు, పట్టాలి కూడా. అన్నీ సడలిపోయి ఇంటి పని ఒక్కటే మిగిలింది. అదీ "అతను చేయకూడదు" అన్న రూపంలో మిగల్లేదు, "ఆమె కడుపుతో ఉంది కాబట్టి" అన్న రూపంలో మిగిలింది. ఇల్లు ఆగితే ఆమె వల్ల ఆగినట్టు. ఆగకుండా కట్టి, రేపు ఏదైనా జరిగితే, అదీ ఆమె కడుపు మీదికే వస్తుంది. భర్తను కట్టి ఉంచడానికి పుట్టిన మాట భార్య మీద నింద అయింది. ధర్మం మారడం కొత్త కాదు, మారుతూనే ఉంటుంది. ఇక్కడ బరువు మోసే భుజం మారింది. ఈ ప్రశ్నలో అసలు గుండెకాయ అదే.

ఆంధ్రదేశంలో చాలా బ్రాహ్మణ కుటుంబాలు అనుసరించేది ఆపస్తంబ సూత్రం. ఇల్లు కట్టుకునే విధి, సీమంతం, బిడ్డకు పేరు పెట్టడం, మూడూ ఒకే గృహ్యసూత్రంలో పక్కపక్కనే ఉంటాయి. ఇల్లూ బిడ్డా ఒక దానికొకటి పోటీ అని ఆ సూత్రకారుడు అనుకున్నట్టు లేదు. అదే ఆపస్తంబుడి ధర్మసూత్రం చివరికి వచ్చేసరికి, ఇక్కడ చెప్పకుండా మిగిలిన ధర్మాలను స్త్రీల నుంచీ, అన్ని వర్ణాల వాళ్ల నుంచీ తెలుసుకోవాలని కొందరి అభిప్రాయాన్ని పేర్కొని గ్రంథం ముగిస్తాడు. సోఫాలో ఓ పక్కన కూర్చున్న కోడలిని ఒక్క మాట అడగడానికి శాస్త్రం అడ్డురాదన్నమాట. వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు మీద పెద్ద అధ్యాయమే ఉంది. దిక్కులు, కొలతలు, నేల రంగు, వాసన, రుచి దాకా అన్నీ చెప్పిన ఆ ఆరో శతాబ్ది పండితుడు, ఎవరి మనసు ఏ నేల మీద కుదురుకుంటుందో వారికి ఆ నేలే మంచిదని కూడా రాశాడు. వాస్తు పుస్తకం పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చేవారు ఆ వాక్యాన్ని ఎందుకో చదివి వినిపించరు.

ఇదంతా శాస్త్రం లోపల నిలబడి చెప్పే మాట. శాస్త్రాన్ని పూర్తిగా పక్కన పెట్టి ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కని, పెంచి చూపించిన జంట కూడా ఈ కృష్ణా డెల్టాలోనే ఉంది. గోరా, సరస్వతి.

గోపరాజు రామచంద్రరావు 1902లో పుట్టారు. ఇంటిపేరులోంచి 'గో', పేరులోంచి 'రా' తీసుకుని గోరా అయ్యారు. సరస్వతి 1912లో విజయనగరంలో పుట్టారు. 1922లో పెళ్లి జరిగేనాటికి ఆమెకు పదేళ్లు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి, మదురైలో, తర్వాత కొలంబోలోని ఆనంద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ తొలి కాపురం రోజుల్లోనే దెయ్యాలున్నాయని జనం భయపడే ఇంట్లో చేరి, ఏ దెయ్యమూ లేదని ఉండి చూపించారు. దెయ్యం లేదని వేదిక మీద చెప్పడం ఒక ఎత్తు. అర్ధరాత్రి తలుపు కిర్రుమన్నప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. గోరా ధైర్యం గురించి చాలామంది రాశారు. ఆ రాత్రులు కాపురం చేసిన ధైర్యం సరస్వతిది కూడా.

1928లో కాకినాడ తిరిగి వచ్చాక గోరా జంధ్యం తీసేశారు. తండ్రి సహించలేకపోయారు. ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది, కులం వెలివేసింది. నాస్తికత కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. బందరు హిందూ కళాశాలలో చేరితే 1940 నాటికి అదీ పోయింది. ఉద్యోగం పోయినప్పుడల్లా అద్దె ఇల్లూ పోతుంది, ఊరూ మారుతుంది, పిల్లల చదువులు మారతాయి. ఇల్లు చక్కదిద్దుకోవడం అనే మాటకు ఆ జంట జీవితంలో అర్థం వేరు. కట్టుకున్న ప్రతి గూడూ ఎప్పుడు వదలాలో తెలియకుండానే చక్కదిద్దుకున్నారు.

1940 ఆగస్టు 10న ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలైంది. ఊరి వాళ్లు రమ్మంటే వెళ్లారు. కేంద్రమంటే తాటాకు కప్పిన పాక. అందులోనే కాపురం, అందులోనే వయోజనుల చదువు, అందులోనే అన్ని కులాల వాళ్లూ కూర్చుని తినే బంతి. 1939లో పుట్టిన కొడుకు సమరం అప్పటికి ఒళ్లో బిడ్డ. ఒళ్లో బిడ్డతో ఉద్యోగం లేకుండా పాకలోకి మారడానికి ఏ పంచాంగంలోనూ ముహూర్తం దొరకదు. రెండేళ్లకు క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. చిన్న బిడ్డను వెంటబెట్టుకునే సరస్వతి రాయవెల్లూరు జైలుకు వెళ్లారు.

పిల్లల పేర్లు చూస్తే ఆ ఇంటి నామకరణం ఎలా జరిగేదో తెలుస్తుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టినవాడు లవణం. యుద్ధం ముంచుకొచ్చిన ఏడాది పుట్టినవాడు సమరం. మనోరమ, మైత్రి, విద్య, విజయం, నియంత, మారు, అన్నారు మిగతా వాళ్లను. తొమ్మిదో బిడ్డ పేరు నౌ, హిందీలో తొమ్మిది. జన్మనక్షత్రానికి తగిన అక్షరం వెతకలేదు. తాతగారి పేరు కలపలేదు. పేరు చివర కులం తోక లేదు. బిడ్డ ఏ నక్షత్రంలో పుట్టిందన్నది వాళ్లు పట్టించుకోలేదు, దేశం ఏ ఘడియలో ఉండగా పుట్టిందన్నది మాత్రం గుర్తుపెట్టుకున్నారు. ఆలోచిస్తే, పేరు పెట్టడం అనే సంస్కారాన్ని వాళ్లు వదల్లేదు. పేరుకు ఒక అర్థం ఉండాలి, అది బిడ్డకు జీవితాంతం తోడుండాలి అన్న పాత కోరిక అలాగే ఉంది.

గ్రహణం సంగతి ఇంకా సూటిగా గర్భిణులను తాకేది. గ్రహణం పట్టిన వేళ కడుపుతో ఉన్న ఆడమనిషి కదలకూడదు, కూర తరగకూడదు, గోరు గిల్లకూడదు, లేకపోతే బిడ్డకు మొర్రి వస్తుందని ఇవాళ్టికీ విజయవాడ అపార్ట్‌మెంట్లలో తలుపులు వేసుకుంటారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగినప్పుడు పట్టపగలు వీధులకు వీధులే నిర్మానుష్యమయ్యాయి. సరస్వతి, ఆమె సహచరులు చేసింది ఏమిటంటే గర్భిణులను ఆ సమయంలో ఆరుబయటకు రమ్మని పిలవడం. ఉపన్యాసం కంటే ఇది బరువైన పని. బయటికి వచ్చిన ఒక్క తల్లికి బిడ్డ సరిగ్గా పుట్టకపోయినా ఊరు ఊరంతా వేలు చూపిస్తుంది. బిడ్డ అంగవైకల్యానికి గ్రహణం కారణం కాదని వైద్యం చెబుతుంది, కానీ ప్రసవించేదాకా ఆ తల్లి మనసులో ముల్లు ఉంటుంది. కాబట్టి పిలిచినవాళ్లు కాన్పు దాకా ఆమె పక్కన ఉండాలి. తొమ్మిది మందిని కన్న మనిషి పిలిచింది కాబట్టే వాళ్లు నమ్మి బయటికి వచ్చి ఉంటారనిపిస్తుంది.

శుభం, అశుభం అన్న ఈ వాదం డెల్టాకు కొత్తదేమీ కాదు. బందరుకు దగ్గర్లో ఘంటసాల, కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి, పైన జగ్గయ్యపేట. రెండువేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ స్తూపాలు లేచాయి, వాటి సున్నపురాతి మీద జాతక కథలు చెక్కారు. పాళీ జాతకాల్లో నక్షత్రానికి సంబంధించిన కథ ఒకటి ఉంది. పెళ్లి కుదిరాక, తనను ముందు అడగలేదని అలిగిన జ్యోతిష్కుడు ఆ రోజు మంచిది కాదంటాడు. మగపెళ్లివారు ఆగిపోతారు. సిద్ధం చేసుకుని ఎదురుచూసిన ఆడపెళ్లివారు అదే పందిట్లో ఇంకొకరికి పిల్లనిచ్చి చేస్తారు. మర్నాడు తీరిగ్గా వచ్చిన వాళ్లకు మిగిలింది తగవే. ఏది మంగళం అని అడిగినప్పుడు బుద్ధుడు చెప్పాడని బౌద్ధులు పారాయణ చేసే మంగళసుత్తంలో తల్లిదండ్రుల సేవ, ఆలుబిడ్డలను ఆదుకోవడం, చిక్కులు లేని వృత్తి మంగళాలుగా వస్తాయి. వారం, వర్జ్యం రావు. కొలంబోలో గోరా పాఠాలు చెప్పిన ఆనంద కళాశాల బౌద్ధుల విద్యాసంస్థే. ఆయన బౌద్ధుడు కాలేదు, అన్ని దేవుళ్లతోపాటు ఆ మతమూ వద్దనుకున్నారు. కానీ ఆయన అడిగిన ప్రశ్న అంతకుముందే ఈ ఏటి ఒడ్డున అడిగిన ప్రశ్న.

తంతును వదలకుండానే దాన్ని మార్చినవాళ్లూ ఉన్నారు. గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి, కవిరాజు, పెళ్లి తంతును తెలుగులో రాశారు. 'వివాహ విధి' అని దానికి పేరు. వధూవరులు తాము ఏం ప్రమాణం చేస్తున్నారో తమకు అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. తెనాలిలో ఆయన ఇంటి పేరు సూతాశ్రమం. పురాణాలను నిలదీసిన మనిషి తన ఇంటికి పురాణ కథకుడైన సూతుడి పేరు పెట్టుకున్నారు. ఆయన దారిలో తంతు ఉంది, అర్థం కాని మాట లేదు. గోరా దారి కంటే ఈ దారి చాలా కుటుంబాలకు దగ్గరది. డెల్టా పల్లెల్లో పురోహితుడు లేని పెళ్లిళ్లు జరగడం వెనక ఆయన చెయ్యి ఉంది.

తంతు పూర్తిగా అక్కర్లేదనడం ఎందుకు కష్టమో గుమ్మం ఎత్తే రోజు ఆ స్థలంలో నిలబడితే తెలుస్తుంది. తెల్లవారుజామునే వడ్రంగి ద్వారబంధాన్ని ఇసకలో పడుకోబెట్టి చెక్కపొట్టు తుడుస్తాడు. టేకు వాసన. ఇంటావిడ గిన్నెలో పసుపు కలిపి గడప నిండా పూస్తుంది, వేళ్ల గీతలు తడి చెక్క మీద అలాగే నిలుస్తాయి, వాటి మీద వరసగా కుంకుమ బొట్లు. గడప కింద నవధాన్యాలు, ఒక నాణెం. పైన మామిడాకులు. అప్పుడు మేస్త్రీ, వడ్రంగి, ఇంటాయన, ఇద్దరు కూలీలు కలిసి "ఎత్తండి" అని ఒక్కసారిగా లేపుతారు. గోడలు ఇంకా నడుం ఎత్తు కూడా లేవు, ఖాళీ స్థలంలో గుమ్మం ఒక్కటే నిలబడుతుంది. దానిలోంచి చూస్తే అవతల చేను, కాలవ గట్టు. కొబ్బరికాయ కొట్టాక మేస్త్రీకి, వడ్రంగికి బట్టలు పెట్టి తాంబూలం ఇస్తారు. మిగతా రోజుల్లో కూలి లెక్కల్లో పేచీ పడే యజమాని ఆ ఒక్క పూట వాళ్లకు రెండు చేతులతో ఇస్తాడు. ఈ ఇల్లు మీ చేతుల్లోంచి వస్తోంది అని ఒప్పుకునే క్షణం అది. దేవుడున్నాడా లేడా అన్న వాదంతో నిమిత్తం లేకుండా ఆ పూట అక్కడ ఒక మంచి పని జరుగుతుంది. దాన్ని పోగొట్టుకోవడం నష్టమే.

నాస్తిక కేంద్రం ఆ లోటును మరో విధంగా పూడ్చింది. ముదునూరులోనూ, 1947లో విజయవాడ పటమటకు మారాక కూడా వాళ్లు పున్నమి రోజున సహపంక్తి భోజనాలు పెట్టారు. ఏ కులమైనా పక్కపక్కన కూర్చుని తినాలి. ఆ రోజుల్లో అంటరానివారితో కలిసి అన్నం తినడం ఎంత తెగువో తర్వాతి తరాలకు తెలియదు. ఇల్లు పవిత్రం కావడానికి గోవును తిప్పే ఆచారం పక్కన, ఊరు గుమ్మం బయట నిలబెట్టిన మనిషిని లోపలికి పిలిచి విస్తరి వేసిన ఆచారాన్ని పెట్టి చూస్తే, వీళ్లకు తంతు లేదని ఎవరూ అనలేరు. పంక్తి పున్నమికే పెట్టారు, తిథిని కూడా పూర్తిగా వదిలేయలేదు. వెన్నెల ఉంటే దీపాల ఖర్చు లేదు, జనం రావడానికి దారి కనిపిస్తుంది.

ఆ గుమ్మం ఎంత వెడల్పో పెద్దకూతురు పెళ్లితో తేలింది. మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకున్నప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రామంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఈశ్వరుడి పేరుకు బదులు సత్యం పేరున ప్రమాణం ఉండటానికీ ఒప్పుకున్నారు. ఆ రోజు రాకముందే ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో సేవాగ్రామంలోనే ఆ పెళ్లి జరిగింది. తర్వాత లవణం, కవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. మరో కూతురు విద్య, చెన్నుపాటి విద్యగా విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లారు, 1969లో వాసవ్య మహిళా మండలి స్థాపించారు. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం, ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపితే వాసవ్య. సమరం డాక్టరై, గర్భం గురించీ కాన్పు గురించీ తెలుగు పత్రికల్లో దశాబ్దాలపాటు జనం అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలకు జవాబులు రాశారు. ముహూర్తం చూడని ఇంట్లో పుట్టిన పిల్లలు ఏమయ్యారని అడిగేవాళ్లకు ఇది జవాబు. అయితే ఒక్క ఇంటి పిల్లలు బాగా బతికితే ఆ ఇంటి సిద్ధాంతం రుజువైనట్టు కాదు. ముహూర్తాలు చూసిన ఇళ్లలోనూ బంగారంలాంటి పిల్లలు పుట్టారు. నాస్తికులే ముందుగా ఒప్పుకోవలసిన మాట ఇది.

ఈ రోజుల్లో ముహూర్తం పునాది దగ్గరే ఆగలేదు, ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. వాటిలో ఎక్కువ భాగం ముహూర్తం కోసమే అనడం అన్యాయం. కారణాలు చాలా ఉన్నాయి. కానీ తెల్లవారుజామున ఫలానా ఘడియలో బిడ్డను తీయమని డాక్టరును బతిమాలే కుటుంబాలు ఉన్నాయన్నది ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే. కోత పడేది తల్లి కడుపు మీద. నెలలు పూర్తిగా నిండకుండా తొందరపడితే ఊపిరికి ఇబ్బంది పడేది బిడ్డ. జాతకం బాగుండాలని బిడ్డ ఊపిరితో పందెం వేయడాన్ని ఏ శాస్త్రం పేరు చెప్పినా సమర్థించలేం. ఇల్లు ఆరు నెలలు ఆలస్యమైతే పోయేది వడ్డీ మాత్రమే, ఆ భయంతో రాజీ పడవచ్చు. ఇక్కడ రాజీ పడకూడదు.

ఇక, శుభఘడియలో కట్టిన ఇల్లు కాపాడుతుందన్న నమ్మకం సంగతి. 2024 ఆగస్టు ఆఖరు రాత్రి కురిసిన వానకు బుడమేరు గట్లు తెగి, సెప్టెంబర్ 1 నుంచి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఈశాన్యం పెరిగిన ఇల్లూ, నైరుతి తగ్గిన ఇల్లూ ఒకే ఎత్తున మునిగాయి. మునగనిది ఎత్తు మీద కట్టింది. నీళ్లు దిగాక బురద కడుగుతున్న చోట వినవచ్చే అత్యంత బాధాకరమైన మాట, మనం ఏదో తప్పు చేశాం కాబట్టే ఇలా అయిందన్నది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ఊడ్చేసి వేల ప్రాణాలు తీసినప్పుడూ ఆ మాట ఉంది. సర్వం పోయిన మనిషికి నేరం కూడా తనదేనని చెప్పే నమ్మకం ఎంత పాతదైనా క్రూరమైనది. అప్పుడు దివిసీమలో సహాయానికి దిగినవాళ్లలో రామకృష్ణ మిషన్ స్వాములున్నారు, క్రైస్తవ సంస్థలున్నాయి, నాస్తిక కేంద్రం వాళ్లున్నారు. ఆ ఇసకలో ఎవరూ ఎవరి విశ్వాసాన్నీ అడగలేదు.

మళ్లీ ఆ ఐదు సెంట్ల స్థలం దగ్గరికి వస్తే, ఆ జంట గోరా, సరస్వతి కానక్కర్లేదు. అమ్మానాన్నలను నొప్పించి, కులాన్ని వదులుకుని, పాకలో బతకడం అందరి వల్లా అయ్యే పని కాదు. కావాలని ఎవరూ అడగకూడదు కూడా. వాళ్లు తేల్చుకోవలసింది చిన్న విషయం. ఆ తల్లి భయం బిడ్డ గురించి. బిడ్డకు నిజంగా అక్కరకొచ్చేది ఏమిటో ఆమెతో కూర్చుని మాట్లాడవచ్చు. నెలనెలా పరీక్షలు, ఐరన్ మాత్రలు, కొడుకు సిమెంటు లెక్కల్లో పడి స్కానింగ్ రోజున కోడలిని ఒంటరిగా పంపకపోవడం. పాత నియమంలోని సారం అదే అయితే దాన్ని పాటించడానికి పని ఆపనక్కర్లేదు. మేస్త్రీకి ఒక మాట చెప్పి, ఆ పూట సైటుకు రాకుండా ఆమెతో ఆసుపత్రికి వెళ్తే చాలు. కోడలికి కూడా మనసులో జంకు ఉంటే ఆగడంలో తప్పు లేదు. నిర్ణయం ఆమెది కావాలి, ఆమె పేరు చెప్పి ఇంకొకరిది కాకూడదు.

పని ఆపనక్కర్లేదని ఒప్పుకున్న ఇళ్లు ఉన్నాయి. అలాంటి చోట గుమ్మం ఎత్తే పొద్దున ఆమెకు ఆరో నెలో ఏడో నెలో ఉంటుంది. ద్వారబంధం ఇసకలో పడుకుని ఉంటుంది. నడుం వంచడం కష్టం. "అత్తయ్యా, ఆ పీట ఇటు వేస్తారా, కూర్చుని రాస్తాను" అంటుంది. అత్తగారు పీట తెచ్చి, కింద ఇసక చదును చేసి, అది కదలకుండా ఉందో లేదో చేత్తో నొక్కి చూస్తుంది. తర్వాత పసుపు గిన్నె తనే పట్టుకుని పక్కన నిలబడుతుంది.